మా పాప వేళ్ల మీది పులిపిర్లు పోయాయి, చెయ్యందించిన అందరికీ థాంక్స్

నిన్న రాత్రి పాప చెయ్యి లైటు దగ్గర పెట్టి చాలాసేపు చూశాను. కుడి చూపుడువేలి మీద మూడు, బొటనవేలి గోరు పక్కన ఒకటి, నాలుగు పులిపిర్లూ పోయాయి. పైన ఎండి రాలిపోవడం కాదు, అలా రాలి మళ్లీ వచ్చినవి ముందే చూశాం కాబట్టి నాకు తేడా తెలుసు. ఈసారి ఆ చోట్ల చర్మం మీద సన్నగీతలు పక్క చర్మం గీతల్లో కలిసిపోయాయి. అది చూశాకే ఈ పోస్టు రాయాలనుకున్నాను, ఎందుకంటే ఈ నాలుగు నెలల్లో నాకు సాయం చేసినవాళ్లకి విడివిడిగా చెప్పడం కుదరలేదు.

ముందుగా మా ఆడపడుచుకి. వదినా, ఆ రోజు నువ్వు ఫోన్‌లో అరగంట మాట్లాడకపోతే నేను ఇంకో తప్పు చేసేదాన్ని. అసలు సంగతేమిటంటే, మొదట మేము తీసుకెళ్లిన చోట రెండు నిమిషాలు చూసి, మాకు గానీ పాపకి గానీ ఏం చేస్తున్నారో చెప్పకుండా, పులిపిరిని గడ్డకట్టించే లిక్విడ్ నైట్రోజన్ పెట్టేశారు. అది మైనస్ 196 డిగ్రీల చలిది, పెద్దవాళ్లకే మంట పుడుతుంది, నాలుగున్నరేళ్ల పిల్లని ఇద్దరం గట్టిగా పట్టుకుంటే అరిచి అరిచి గొంతు పోయింది. మర్నాటికి వేలి మీద నెత్తురు నిండిన బొబ్బ లేచింది. అది మానాక చూస్తే పాత పులిపిరి అంచు చుట్టూ మళ్లీ వచ్చింది. ఆ తర్వాత నెల రోజులు గోళ్లు కత్తిరించడానికి కూడా చెయ్యి ఇవ్వలేదు. అలాంటి పిల్లని మళ్లీ అక్కడికే తీసుకెళ్దామని నేను బయల్దేరుతుంటే "ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బు కాదు, ఎందుకు తొందర, ముందు దాని భయం పోనీ" అన్నావు. ఆ మాట అప్పుడు నాకు ఎంత అవసరమో నాకే తెలియదు.

తర్వాత మేము వెళ్లిన చర్మ డాక్టరుగారికి. మేడమ్, మీరు ముందు నాతో కాదు, పాపతో మాట్లాడారు. "ఇవాళ చూడటమే, ఏమీ చెయ్యను" అని చెప్పి, చెప్పినట్టే చూసి వదిలేశారు. తన చెయ్యి తనే మీ ముందు పెట్టిందంటే అందుకే. నా టెన్షన్ కూడా మీరే తీర్చారు. ఇది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుందని చదివి, ఆ పేరు పక్కన క్యాన్సర్ అన్న మాట చూసి నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ వైరస్‌లో వందకు పైగా రకాలున్నాయనీ, పిల్లల వేళ్ల మీద పులిపిర్లు తెచ్చేవి వేరనీ ఓపిగ్గా చెప్పారు. పులిపిరిలో కనబడే నల్లచుక్కలు వేర్లు కావు, సన్న రక్తనాళాల్లో గడ్డకట్టిన నెత్తురు అని చూపించారు. వేరుతో సహా పీకెయ్యాలని నాకు ఎంతమంది చెప్పారో! సోకిన కొన్ని నెలలకి గానీ పైకి కనబడదు కాబట్టి ఎవరి దగ్గర అంటుకుందో వెతకొద్దన్నారు. చాలామంది పిల్లల్లో రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి, ఏమీ చెయ్యకుండా ఆగడం కూడా ఒక పద్ధతే అన్నారు. కానీ మా పాప గోళ్లు కొరుకుతుంది, పులిపిరిని కూడా కొరుకుతోంది, అలా పెదాలకి అంటుకునే వీలుంది కాబట్టి సాలిసిలిక్ యాసిడ్ మందు రాసిచ్చారు.

ఆ మందు రాయడం నేర్పిన నర్సుగారికి ప్రత్యేకంగా చెప్పాలి. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు వేలు నానబెడితే పులిపిరి తెల్లగా మెత్తబడుతుంది. దాన్ని గోళ్లు అరగదీసే అట్టముక్కతో మెల్లగా రుద్దాలి, ఆ ముక్క ఇంకెవరి గోళ్లకీ వాడకూడదు. తర్వాత చుట్టూ మంచి చర్మానికి వాసలీన్ రాసి, అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క మందు సరిగ్గా పులిపిరి మీదే పెట్టాలి. ఆరితే తెల్లటి పొరలా గట్టిపడుతుంది. వాసలీన్ సంగతి మీరు చెప్పకపోతే పక్క చర్మమంతా మండిపోయేది. ఒకసారి వేలు ఎర్రబడితే కంగారుగా ఫోన్ చేశాను, మూడు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టమన్నారు, అలాగే చేశాం. ముఖం మీద వస్తే మాత్రం ఈ మందు పెట్టొద్దని మీరు రెండుసార్లు చెప్పారు, ఇది చదివే అమ్మానాన్నలకి నేనూ చెబుతున్నాను. ఏ మందైనా మీ డాక్టరుకి చూపించి అడిగాకే వాడండి, పిల్లల ఒంటి మీద లేచే ప్రతి బుడిపే పులిపిరి కాదు.

పదకొండు వారాలు పట్టింది. మధ్యలో ఆరో వారంలో ఏ మార్పూ కనబడక మానేద్దామనుకున్నాను. అప్పుడు పాపే స్టూలు లాక్కొచ్చుకుని, గిన్నెలో వేలు పెట్టి "అమ్మా, లెక్కపెట్టు" అంది.

చివరగా వాళ్ల క్లాస్ టీచరుగారికి. మేడమ్, లైన్‌లో నిలబడేటప్పుడు పక్కపిల్లలు చెయ్యి పట్టుకోవడం లేదని పాప ఇంట్లో చెప్పలేదు. ఫ్రాక్ జేబులో చెయ్యి దాచుకుంటుంటే నాకు అర్థం కాలేదు. మీరే గమనించి, ఎవరినీ తిట్టకుండా, వేళ్లకి ప్లాస్టర్ వేయించి, రోజూ మీరే దాని కుడిచెయ్యి పట్టుకుని లైన్ ముందు నడిపించారట. ఈ విషయం నాకు మొన్న వేరే తల్లి చెబితే తెలిసింది. ఏం చెప్పాలో తెలియక మీకు ఫోన్ చేసి ఊరికే ఏడ్చాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇవాళ పొద్దున బడికి వెళ్తూ కుడిచెయ్యి జేబులో పెట్టలేదు. గేటు దగ్గర వాళ్ల ఫ్రెండ్ వైపు చాపింది, ఆ పిల్ల పట్టుకుంది.