సాగు చేసే వారి పేరే రాయించాలి

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో నాకు రెండెకరాల మాగాణి ఉంది. ఉద్యోగం కోసం ఊరు వదిలినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్లుగా, మా వీధి చివరనుండే దంపతులు దాన్ని కౌలుకు చేస్తున్నారు. ఏ గట్టు తెగుతుందో, ఏ మడిలో నీరు నిలవదో వాళ్లకే తెలుసు. కిందటిసారి కమతాల లెక్కకు వచ్చినవారు ఫోను చేసి అడిగితే ‘అవును, నాదే’ అన్నాను. సాగుదారుగా నా పేరే రాసుకున్నారు. వాళ్లు అడిగింది పొలం ఎవరిదని కాదు, ఎవరు సాగు చేస్తున్నారని. ఆ తేడా నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఈ కమతాల లెక్కనే వ్యవసాయ గణన అంటారు; మన దేశంలో 1970-71 నుంచి ఐదేళ్లకొకసారి జరుగుతోంది. పట్టా ఎవరి పేరున ఉన్నా సరే, ఒక రైతు సాగు చేసే భూమి మొత్తాన్నీ ఇందులో ఒక కమతంగా లెక్కిస్తారు. సొంతంగా ఎకరం ఉండి, మరో మూడెకరాలు కౌలుకు చేసే రైతుది నాలుగెకరాల కమతం. నిర్వచనం సరిగ్గానే ఉంది. అయితే భూరికార్డులున్న రాష్ట్రాల్లో మొదటి దశ జాబితా ఆ రికార్డుల నుంచే తయారవుతుంది. నోటిమాట కౌలు వాటిలో ఎక్కడ కనిపిస్తుంది? సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు ఉండగా 2015-16 నాటికి 1.08కి తగ్గిందంటున్నారు. కౌలు పొలాలు మా వంటి యజమానుల పద్దులోనే ఉండిపోతే ఆ అంకెలో అసలు రైతు ఉన్నట్టా, లేనట్టా?

గణన మూడో దశలో, ఎంపిక చేసిన 7 శాతం గ్రామాల్లో విత్తనాలు, ఎరువులు, అప్పుల వివరాలు అడుగుతారు. అవి నన్ను అడిగితే ఏం చెప్పగలను? నా పొలం కౌలుకు చేసే ఇంటి ఇల్లాలి దగ్గర అట్ట చిరిగిన నోటుపుస్తకం ఒకటి ఉంది. దమ్ముకు ఎంత, నాట్లకు ఎంత, ఎరువుల కొట్టు బాకీ ఎంత, నూటికి రెండు రూపాయల వడ్డీ ఎప్పటి నుంచి, అన్నీ అందులో రాసి ఉన్నాయి. లెక్కకు వచ్చేవారు చూడవలసింది ఆ పుస్తకాన్ని.

కౌలుదారు పేరు చెబితే భూమి మీద హక్కు పోతుందని యజమానులకు భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రంపై సంతకం చేయడానికే చాలామంది వెనకాడారు. కానీ ఈ గణన ఎవరికీ పట్టా ఇవ్వదు, ఎవరి పట్టానూ తీసేయదు. ఈ మాట అధికారులు గణనకు ముందే గ్రామసభలో విడమరచి చెప్పాలి. యజమానులు, కౌలు రైతులు, డ్వాక్రా సంఘాల మహిళలు ఒకచోట కూర్చున్నప్పుడే జాబితా చదివి వినిపించాలి. తప్పు ఉంటే అక్కడే దిద్దుకోవచ్చు. 2015-16 లెక్కల్లో మహిళల కమతాలు సుమారు 14 శాతమే. భర్తతో సమానంగా మడిలో దిగే ఆమె పేరు కూడా అక్కడే అడిగి రాసుకోవాలి.

ఐదేళ్ల లెక్కన 2026-27 గణన వంతు వచ్చింది. మా ఊళ్లో అలాంటి సభ పెడితే సెలవు పెట్టి వచ్చి, ఆ దంపతుల పేర్లు నేనే చెబుతాను.

– ఒక పాఠకుడు, తెనాలి