పొట్టి కాలరు, పొట్టి జవాబు

చెన్నై,
18 నవంబరు 2024

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: స్వింగ్ ఆర్మ్ బేరింగ్ కిట్‌లో పొడవు తక్కువైన కాలరు, దానిపై మీరు పంపిన తిరస్కరణ

అయ్యా,

అక్టోబరు 21న నా బండి స్వింగ్ ఆర్మ్‌కు, అంటే వెనుక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చేతికి, మీ కిట్‌ను 1,340 రూపాయలకు కొన్నాను. అందులో రెండు నీడిల్ బేరింగులు, రెండు డస్ట్ సీళ్లు, బేరింగుల లోపల దూర్చే ఉక్కు గొట్టం, అదే కాలరు, ఉన్నాయి. బేరింగులకు వంక పెట్టను. కాలరు పొట్టిది. ఆ మాట రాస్తే మీ ప్రతినిధి ఒక్క వాక్యంతో సరిపెట్టారు: "శిక్షణ లేని వ్యక్తి ఇంట్లో బిగించినందున వారంటీ వర్తించదు." ఆడలేక మద్దెల ఓడు అంటున్నానని మీ అనుమానం కాబోలు. నేను మద్దెలను కొలిచి మరీ రాస్తున్నాను.

నాది పదకొండేళ్ల చిన్న మోటారుసైకిలు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నీళ్లలో రెండు రోజులు సగం మునిగింది. ఆర్మ్ ఫ్రేముకు కలిసే కీలు, అదే పివట్, అందులోని గ్రీజు అప్పుడే పోయి ఉంటుంది. ఈ వేసవి నుంచి మలుపుల్లో వెనుక చక్రం తన దారి తాను చూసుకోవడం మొదలుపెట్టింది. సెంటర్ స్టాండు వేసి చక్రాన్ని పక్కలకు ఊపితే పివట్ దగ్గర టక్కుమనేది. విప్పి చూస్తే బేరింగు సూదులు సగం తుప్పుపొడి. పివట్ బోల్టు కదలడానికే రెండు రోజులు నూనె పోస్తూ తట్టాల్సి వచ్చింది. ఆ కష్టం మీ ఖాతాలో రాయను.

కొత్త బేరింగులను సుత్తితో బాదలేదు. రాత్రంతా ఫ్రీజరులో ఉంచి (ఐస్ ట్రే పక్కన వాటిని చూసి మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ అనవసరం), మరచుట్ల రాడ్డు, వాషర్లు, సరిపడే సాకెట్టు పెట్టి మెల్లగా లోపలికి లాగాను. గ్రీజు పట్టించి, షాక్ అబ్జార్బరు తగిలించక ముందే పివట్ బోల్టు నట్టును టార్క్ రెంచితో బిగించి, ఆర్మ్‌ను ఎత్తి వదిలాను. తన బరువుకు అది కిందికి వాలాలి. ఎత్తిన చోటే నిలబడిపోయింది. నట్టు వదులు చేస్తే వాలింది.

కారణం మీ ఇంజనీర్లకు తెలియనిది కాదు. నట్టు బిగిస్తే ఫ్రేము రెండు వైపుల నుంచి నొక్కాల్సింది కాలరును, ఆర్మ్‌ను కాదు. అందుకే సీళ్లతో కలిపిన ఆర్మ్ వెడల్పు కన్నా కాలరు వెంట్రుకవాసి పొడవుండాలి. వెర్నియరుతో కొలిస్తే ఆ వెడల్పు 182.0 మి.మీ., పాత కాలరు 182.3, మీ కాలరు 181.1. పాతదాని మీద సూదులు గాట్లు పెట్టాయి కనుక మళ్లీ వాడలేను. జి.పి. రోడ్డులో 280 రూపాయలకు మరొకరి కాలరు కొన్నాను, 182.3 ఉంది. ఆర్మ్ హాయిగా వాలింది. అవే బేరింగులు, అదే నట్టు, అదే శిక్షణ లేని వ్యక్తి.

శిక్షణ సంగతి అడిగారు కనుక: పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో 31 ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. పదో తరగతి కుర్రాడు కొలిచినా 181.1 మి.మీ. 181.1గానే ఉంటుంది.

నాకు బండి నడుస్తోంది. నా బెంగ వేరు. ఇదే కాలరు వేసిన మెకానిక్కు, ఆర్మ్ బిగుసుకుందని నట్టును వదులుగా ఉంచి పంపేస్తాడు. అది మధురవాయల్ బైపాసు మీద ఊడితే మీ వారంటీ కాగితం ఎవరికి పనికొస్తుంది?

కిట్ సొమ్ము అడగను, బేరింగులు వాడుకుంటున్నాను. కాలరుకు పెట్టిన 280 రూపాయలు ఇవ్వండి. ఆ వాక్యాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఈ బ్యాచి కాలర్లు అంగళ్లలో ఎన్ని ఉన్నాయో అన్నీ కొలిపించండి. 15 రోజులు చూస్తాను. తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. 280 రూపాయలకు అంత దూరం ఎవరు వస్తారని అనుకోకండి. రిటైరైనవాడికి తీరిక ఎక్కువ.

బిల్లు ప్రతి, వెర్నియరుతో సహా తీసిన ఫోటోలు జతచేశాను. కాలరును మాత్రం పంపడం లేదు. మీ మనిషి వచ్చి నా ఎదుట కొలిచి తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు