దబ్బనంతో టైరు కుట్టిన పెద్దాయనకు

ఇంటికి చేరేసరికి రాత్రి పన్నెండు దాటింది. అరచేతుల్లో పంపు కొట్టిన బొబ్బలు మండుతున్నాయి. అయినా పడుకునే ముందే ఈ థాంక్స్ రాసేయాలి.

ఆయన పేరు రాయడం లేదు. "పేపర్ల ఏస్తరా ఏంది, వద్దు బిడ్డా" అన్నారు. ఊరి పేరు కూడా వద్దన్నారు. రామప్ప చెరువుకు దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో, వేపచెట్టు కింద రేకుల షెడ్డులో సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన. డెబ్బై ఏళ్ళు ఉంటాయేమో. అంతవరకే చెప్తాను.

మేం నలుగురం గ్రావెల్ సైకిళ్ళ (మట్టి, మొరం బాటల మీద తొక్కేవి) మీద హనుమకొండ నుంచి బయల్దేరాం. ములుగు, జంగాలపల్లి, పాలంపేట, రామప్ప చెరువు కట్ట, అక్కడి నుంచి బండ్ల బాటల మీదుగా గణపురం కోటగుళ్ళు (కాకతీయుల కాలపు గుళ్ళు). ఈ సైకిళ్ళకు ఇంతకన్నా మంచి నేల దొరకదు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించిన కాలంలోనే ఈ చెరువూ వచ్చింది. మిగతా దిక్కులన్నీ గుట్టలు కాస్తుంటే ఒక్క దిక్కున కట్ట పోశారు. గుట్ట వారగా ఎర్ర మొరం బాట, కిందికి దిగితే వరి మడులు, మళ్ళీ చిన్న ఎక్కుడు. మొరం మీద వాన పడినా గంటలో ఆరిపోతుంది, టైరు జారదు. నల్లరేగడి అలా కాదు. బురద టైరుకూ ఫ్రేముకూ మధ్య పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే గేర్లు మార్చే డీరైలర్ చువ్వల్లోకి లాక్కుపోయి, దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. రేగడి కనపడగానే దిగి సైకిల్ భుజాన వేసుకోవడమే మంచిది. ఇవన్నీ తెలిసే వెళ్ళాం.

దెబ్బ కొట్టింది మాత్రం బురద కాదు, రోడ్డు. ఒకచోట కొత్త రోడ్డు కోసం కంకర పరిచి వదిలేశారు. క్రషర్‌లో పగలగొట్టిన 40 మిల్లీమీటర్ల రాయి, అంచులు కత్తుల్లా ఉన్నాయి. కంకర పరిచాక రోలర్ తిప్పాలి, సందుల్లో డస్టో మొరమో నింపాలి, నీళ్ళు కొట్టి మళ్ళీ తిప్పాలి. అప్పుడే రాయి కదలకుండా కూర్చుంటుంది. ఇక్కడ పరచడంతోనే పని ఆపేశారు. వెనక టైరు పక్కభాగం, అంటే సైడ్‌వాల్ పద్దెనిమిది మిల్లీమీటర్లు తెగింది. ట్యూబ్‌లెస్ టైర్లలో (లోపల ట్యూబు ఉండదు) పోసే సీలెంట్ ద్రవం ఐదారు మిల్లీమీటర్ల చిల్లి దాకానే పూడుస్తుంది, అదీ నేలకు ఆనే భాగంలో. సైడ్‌వాల్ పలుచన, తొక్కే కొద్దీ వంగుతూ ఉంటుంది, అక్కడ చిల్లిలో దూర్చే రబ్బరు ప్లగ్ కూడా నిలవదు. స్పేర్ ట్యూబు వేసి, కోత దగ్గర లోపల చాక్లెట్ కవర్ మడిచి పెట్టాం. సీలెంట్ తడికి అది జారింది. అర కిలోమీటరు పోకముందే ట్యూబు కోతలోంచి బుడగలా బయటికొచ్చి పేలింది.

పొద్దు గూకుతుండగా సైకిల్ నడిపించుకుంటూ ఆయన షెడ్డు ముందుకు చేరాం. ఆయన తాళం వేస్తున్నారు. మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా తాళం తీశారు.

ట్యూబ్‌లెస్ టైరు ఆయన ఎప్పుడూ చూడలేదు. సీలెంట్ చూసి "మర్రిపాల లెక్క అతుకుతాందేంది ఇది" అన్నారు. నిజానికి అదీ రబ్బరు పాలే అని చెబితే తలూపి, పాత బనీను గుడ్డతో టైరు లోపలంతా తుడిచారు. తర్వాత ఆయన చేసిన పనిని మాలో ఒక్కరం కూడా చేయలేదు. గుడ్డను లోపలి అంచు వెంట మెల్లగా, చుట్టూ, రెండుసార్లు లాగారు. ముల్లు ఉన్నచోటల్లా గుడ్డ ఆగింది. సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయల మొనలు, మొత్తం పదకొండు, కటింగ్ ప్లేయర్‌తో లాగేశారు. సీలెంట్ ఉన్నంతసేపు ఆ ముళ్ళు ఉన్నట్టే తెలియదు, గాలి దిగదు. ట్యూబు వేసిన మరుక్షణం అవే పొడుస్తాయి. ట్యూబ్‌లెస్‌లో ట్యూబు వేసే ప్రతివాళ్ళూ ఈ ఒక్క పని తప్పక చేయండి.

తర్వాత దబ్బనం తీశారు. గోనెసంచులు కుట్టేదే. దారం కోసం ఒక పిల్లాణ్ణి చేపలు పట్టేవాళ్ళ ఇంటికి పంపి, వల అల్లే నైలాన్ దారం తెప్పించారు. కోత అంచున పోగులు విడిపోయి ఉంటాయి కాబట్టి, అంచుకు నాలుగైదు మిల్లీమీటర్లు వదిలి గుచ్చారు. కుట్లు ఇంటూ గుర్తులా వేశారు. దారం బిగించి లాగలేదు, బిగిస్తే అది టైరునే కోస్తుందట. ముడి బయటికి వేశారు, లోపలుంటే ట్యూబుకు రాసుకుంటుందని. లోపల అతుక్కి ట్యూబు రబ్బరు వద్దన్నారు, అది సాగుతుంది. పాత సైకిల్ టైరు నుంచి పోగులున్న ముక్క, మూడు వేళ్ళ పొడవు రెండు వేళ్ళ వెడల్పు కోసి, నాలుగంచులూ కత్తితో పలుచగా చెక్కి సొల్యూషన్‌తో అంటించారు.

ఆయన దగ్గరున్న కొత్త ట్యూబు మాకు పనికిరాలేదు. మామూలు సైకిల్ ట్యూబు వాల్వు లావు, మా రిమ్ముకు ఉన్నది 6.5 మిల్లీమీటర్ల రంధ్రం. రిమ్ము తొలిస్తే రిమ్మే పాడవుతుంది. అందుకని పేలిన ట్యూబుకే ప్యాచ్ వేశారు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా పూసి, ఐదు నిమిషాలు పక్కన పెట్టారు. వేలికి తడి అంటకుండా ఆరాకే అంటించాలి. తడి మీద అంటిస్తే ప్యాచ్ మర్నాటికి లేచిపోతుంది. చక్రం బిగించేముందు బ్రేకు డిస్క్ చూపించి "దీన్ని ముట్టుకోవచ్చునా?" అని అడిగారు. నూనె తగిలితే బ్రేకు పట్టదని చెప్పగానే వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చారు. అక్కడ నా గొంతు పట్టుకుంది.

ట్యూబుతో 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు గాలి 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా పెడతాం, లేకపోతే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి. కుట్టు ఉందని ఆయన మాత్రం 35 దాటనివ్వలేదు. "మెల్లగ పోండ్రి, కూసోకుండ్రి, గుంత వస్తె లేసి తొక్కుండ్రి" అన్నారు. డబ్బు తీసుకోలేదు. జేబులో పెట్టబోతే చెయ్యి వెనక్కి నెట్టారు. దారి సంగతి కనుక్కోవడానికని ఫోన్ నంబరు మాత్రం తీసుకున్నారు.

రాత్రి పదిన్నరకు ఫోన్ వచ్చింది. "గాలి నిలబడ్డదా బిడ్డా?" ఆ ఒక్క మాటే. నిలబడిందని చెప్పి, రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చుని ఏడ్చేశాను.

ఇంట్లోవాళ్ళు మెలకువగా ఉన్నారు, తమ్ముడు ములుగు దాకా కారు తెచ్చాడు. వాళ్ళకు థాంక్స్ చెప్పే అలవాటు మాకు లేదు.

కంకర సంగతి మాత్రం వదలలేకపోతున్నాను. మేం ఒక్కరోజు పోయి వచ్చేవాళ్ళం. ఆ ఊళ్ళవాళ్ళు రోజూ అదే రాళ్ళ మీద పిల్లల్ని ఎక్కించుకుని బండ్లు నడుపుతున్నారు, కాన్పుకు ఆటోలో పోతున్నారు. పని ఆగిందని ఒక బోర్డు లేదు, రాత్రి కనపడేలా ఒక రాయికి సున్నం కొట్టలేదు. ఎవరి బాధ్యత అని ఫోన్లు చేస్తే ఒకరు ఇంకొకరిని చూపించారు. బస్సు ఆపితే సైకిల్ ఎక్కించే రూలు లేదన్నారు, లగేజీ టికెట్ కొంటామన్నా వినలేదు. సైకిల్ మీద ఈ చెరువులూ గుళ్ళూ చూడటానికి జనం రావాలంటే ముందు ఇవి సరిచేయాలి. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం కదా, గుడి చుట్టూ ఉన్న దారులు కూడా ఆ గుడివే.

మరిచిపోయాను, థాంక్స్ ఇంకొందరికి కూడా. దారం తెచ్చిన పిల్లాడికి, దారం ఇచ్చిన ఇంటి అమ్మకు. కుట్టినంతసేపు ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళకు. జంగాలపల్లి దగ్గర సీసాలన్నీ నింపి రెండు ఇడ్లీలు ఎక్కువ వేసిన అక్కకు. మత్తడి (చెరువు అలుగు) దగ్గర పాచి ఉంది, దిగి నడవండని ముందే హెచ్చరించిన చేపల కాకాకు. చీకట్లో మా వెనకే లైటు వేసుకుని మెయిన్ రోడ్డు దాకా మెల్లగా వచ్చిన ట్రాలీ ఆటో అన్నకు, ఆయన పేరు అడగనేలేదు.

ఇంకొకరు: మా ట్యూబుకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకు పెట్టే చిటికెనవేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఇచ్చిన మా నాలుగోవాడు. అది లేకపోతే మోటార్ సైకిళ్ళకు గాలి కొట్టే ఆ పంపు మా ట్యూబుకు పట్టేదే కాదు. వచ్చే ఆదివారం సొల్యూషన్ డబ్బాలు, ప్యాచ్‌లు, కొత్త దబ్బనం తీసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్తున్నాం. రావాలనుకునేవాళ్ళు చెప్పండి.