భోగిపళ్ళకి వస్తున్నా బంగారూ

బంగారూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాటే బుర్రలో తిరుగుతోంది. "ఇద్దరం ఆఫీసులకి పోతాం నాన్నా, పండగంటే స్వీట్ బాక్స్ కొనడం, పాపకి పట్టులంగా వేసి ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టడం, అంతే అయిపోతోంది, దానికేం గుర్తుంటుంది" అన్నావు కదా. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే రాస్తున్నా.

పండగపూట పిల్ల చేతికి ఒక పని ఇవ్వమ్మా. ఒక్కటి చాలు. మీ అమ్మ నీతో చేసింది అదే. ఉగాదికి వేపపువ్వు నీ పని, గుర్తుందా, పళ్ళెం ముందేసుకుని రెండు అరచేతుల మధ్య నలిపి ఉఫ్ అని ఊదేదానివి, కాడలతో పాటు సగం రేకులు కూడా ఎగిరిపోయేవి, అయినా అమ్మ ఎప్పుడూ నీ చేతిలోంచి లాక్కోలేదు, ఇంకో రెండు రెబ్బలు కోసుకొచ్చి పోసేది. మీ బెంగళూరులో కన్నడ వాళ్ళకీ ఆరోజు ఉగాదే కదా, వేపా బెల్లం కలిపి బేవు బెల్ల అని పంచుకుంటారు, పాప చేత మన పచ్చడి చిన్న గ్లాసులో పక్కింటికి పంపించు, వాళ్ళది తెచ్చుకోమను.

వినాయక చవితికి బొమ్మ కొనొద్దు. మట్టిముద్ద ఇచ్చి దాన్నే చెయ్యనీ, తొండం వంకరగా వస్తే రానీ, పూజలో అదే పెట్టు. 21 రకాల పత్రి ఊళ్ళోనే దొరకట్లేదు, గరిక, మారేడు, ఉత్తరేణి చూపించి పేర్లు చెప్పినా చాలు. నిమజ్జనం బాల్కనీలో బకెట్లో చేసేసి ఆ మట్టినీళ్ళు మందారం కుండీలో పోసెయ్.

ఇంకోటి, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారు పుట్టింది ఆరోజే, 1863లో. మనం మాట్లాడుకునే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని అంత పోరాడారాయన. ఆరోజు పాప చేత నాకో కార్డు రాయించు, దానికి నాలుగేళ్ళే కాబట్టి ఇప్పటికి "తాత" అని రెండక్షరాలు చాలు, ఏటా ఒక్కో మాట పెంచుకుంటూ పోదాం, అన్నీ నేను ట్రంకుపెట్టెలో దాస్తా.

పుట్టినరోజుకి కేక్ కోసుకోండి, దానికేం. కానీ తలుపు వారకి నిలబెట్టి పెన్సిల్‌తో గీత కూడా గియ్యి. నీ గీతలు మన నడిమింటి తలుపుకి ఇంకా ఉన్నాయి, రంగులేసేవాళ్ళు వచ్చినప్పుడల్లా ఆ జానెడు చెక్క వదిలెయ్యమని చెప్తా.

అమ్మ తద్దినం నేను ఇక్కడ పెడుతూనే ఉన్నా. నువ్వు మాత్రం మేలో వచ్చే తన పుట్టినరోజుని వదలొద్దు. ఆవకాయ రోజులు కదా, ఆరోజే ఒక్క కిలో ముక్కలు కొట్టించి కలుపు. జాడీకి ఎత్తాక బేసిన్‌కి అంటుకున్న పిండీ నూనే ఉంటుంది చూడు, అందులో వేడన్నం పోసి నెయ్యేసి కలిపి అమ్మ ముద్దలు పెట్టేది, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా నువ్వు ఇంకో ముద్ద అని చెయ్యి చాపేదానివి. పాపకి నెయ్యి ఎక్కువేసి గోళీకాయంత ముద్ద పెట్టు, ఇది మీ అమ్మమ్మ చెయ్యి అని చెప్పు. ఫోటోలో చూసి నమస్కారం పెట్టడం కంటే ఆ రుచితోనే అమ్మమ్మ దానికి బాగా తెలుస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు భోగి సంగతి. పెరట్లో రేగుచెట్టు ఈసారి విరగకాసింది, పండగ ముందురోజు కోసుకుని నేనే తెస్తా. చిల్లర నాణేలు, నానబెట్టిన శెనగలు, చెరుకు ముక్కలు, బంతిరేకులు నువ్వు చూసుకో. సాయంత్రం నువ్వూ అల్లుడుగారూ త్వరగా వచ్చెయ్యండి, ఫ్లోర్‌లో పిల్లలందర్నీ పిలవండి, పళ్ళు దాని తలచుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యగానే వాళ్ళు నాణేల కోసం ఎగబడాలి, ఆ గోల లేకపోతే భోగిపళ్ళే కాదు. పాపకి పని కూడా ఆలోచించా, రేగుపళ్ళు కడిగి పుచ్చులు ఏరేది అదే. చిన్న ప్లాస్టిక్ జల్లెడ ఒకటి కొనిపెట్టు.

మీ నాన్న