‘ద డెడ్ నెక్స్ట్ డోర్’ డిస్కు విషయమై మా కొనుగోలుదారులకు

మా దుకాణంలో ‘ద డెడ్ నెక్స్ట్ డోర్’ బ్లూరే కొన్నవారిలో కొందరు బొమ్మ మీద ఇసుక చల్లినట్టు ఉందనీ, మాటలకూ పెదవులకూ పొంతన కుదరడం లేదనీ, తెరకు రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తున్నాయనీ ఫిర్యాదు చేశారు. తిరిగి వచ్చిన డిస్కులన్నిటినీ మొదటినుంచి చివరిదాకా ఆడించి చూశాం. అవన్నీ సరిగానే ఉన్నాయి. మీరు గమనించిన మూడు లక్షణాలూ సినిమా తీసిన పద్ధతివల్ల వచ్చినవే కాబట్టి, ఆ పద్ధతి ఏమిటో తెలియకుండా ఎవరూ దీనికి డబ్బు పెట్టకూడదని ఈ వివరణ రాస్తున్నాను.

జె. ఆర్. బుక్‌వాల్టర్ ఇరవై ఏళ్ల ప్రాయంలో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఆక్రన్ నగరంలోనూ దాని పరిసరాల్లోనూ ఎక్కువ భాగం తీసిన జాంబీ సినిమా (చచ్చి మళ్లీ లేచి మనుషుల మీద పడే శవాల కథ) ఇది. 1980ల మధ్యలో మొదలైన పని ఏళ్ల తరబడి సాగి, 1989లో వీడియో క్యాసెట్‌గా జనంలోకి వచ్చింది. ‘ఈవిల్ డెడ్’ దర్శకుడు సామ్ రైమీ దీనికి పెట్టుబడి పెట్టి, తన అసలు పేరు బదులు ‘ద మాస్టర్ సిలిండర్’ అని వేయించుకున్నారు. స్టూడియో అండ లేని ఒక కుర్రవాడు ఊరి జనానికే వేషాలు కట్టి, వాషింగ్టన్ నగర వీధుల్లో సైతం జాంబీలను నడిపించాడంటే ఆ పట్టుదలను నేను ఈనాటికీ గౌరవిస్తాను. ఈ సినిమాను మా అరలో ఉంచడానికి మొదటి కారణం అదే.

ఇక బొమ్మ సంగతి. ఈ సినిమా మొత్తాన్నీ సూపర్ 8 ఫిల్మ్ మీద తీశారు. కోడాక్ సంస్థ 1965లో ఇళ్లలో పెళ్లిళ్లూ పిల్లల ఆటలూ తీసుకోవడానికి తెచ్చిన ఫిల్మ్ అది. దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు. అందులో ఒక్కొక్క ఫ్రేమ్ సుమారు 5.8 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. థియేటర్లకు వాడే 35 ఎం.ఎం. ఫ్రేమ్ వైశాల్యంలో ఇది దాదాపు పదిహేనో వంతు. అంత చిన్న బొమ్మను మన గోడమీది పెద్ద టీవీ నిండా సాగదీసినప్పుడు ఫిల్మ్‌లోని రంగుల రేణువులు కంటికి కనబడక తప్పదు. పైగా 50 అడుగుల ఫిల్మ్ పట్టే ఒక్కో క్యాట్రిడ్జ్ సెకనుకు 24 ఫ్రేముల వేగంతో రెండున్నర నిమిషాలకే అయిపోతుంది. పూర్తి నిడివి సినిమాకు ఎన్ని క్యాట్రిడ్జ్‌లు మార్చి ఉంటారో ఒక్కసారి ఊహించండి.

పాత క్యాసెట్‌లో ఈ రేణువులు ఇంతగా కనబడలేదని ఒకరు అడిగారు. ఆ మాట నిజమే. క్యాసెట్‌కు అంత సూక్ష్మమైన వివరాన్ని పట్టుకునే శక్తి లేదు కనుక అన్నీ కలిసిపోయి మెత్తగా కనిపించేవి. దర్శకుడి సొంత సంస్థ టెంపే అసలు ఫిల్మ్‌ను 2కె స్థాయిలో (అడ్డంగా సుమారు రెండు వేల చుక్కల వివరంతో) స్కాన్ చేయించి విడుదల చేసిన తరువాత ఫిల్మ్‌లో ఉన్నదంతా బయటపడింది. నా దృష్టిలో అదే సరైన పని. రేణువులను కంప్యూటర్‌తో తుడిచేస్తే వాటితోపాటు ముఖాల మీది మేకప్ పనితనం కూడా చెరిగిపోతుంది. ఇక నల్లటి పట్టీలంటారా, ఈ సినిమా బొమ్మ ఆకారం 4:3, అంటే వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు; నేటి టీవీ తెర అంతకన్నా వెడల్పు కనుక రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. మీ టీవీలో షార్ప్‌నెస్ తగ్గించి, నాయిస్ రిడక్షన్ (రేణువులను చెరిపే అమరిక) ఆపి, తెరను 4:3లోనే ఉంచి చూడండి. పట్టీలు పోవాలని బొమ్మను పక్కలకు లాగితే మనుషులందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తారు.

శబ్దానికి వస్తే, సంభాషణలన్నీ తరువాత డబ్బింగ్ చెప్పించినవే. కథానాయకుడి గొంతు ‘ఈవిల్ డెడ్’ నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్‌ది. ఒకరి ముఖానికి మరొకరి గొంతు మన సినిమాల్లో మనకు అలవాటైన సంగతే గానీ, ఇక్కడ దానికి తగిన వసతులు లేవు కనుక అతుకు స్పష్టంగా తెలుస్తుంది.

ధర గురించి కూడా దాపరికం లేకుండా చెబుతాను. 1968లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర తీసిన జాంబీ సినిమా ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ చౌకగా దొరుకుతుండగా ఇది ఎందుకింత ఖరీదని పలువురు అడుగుతున్నారు. ఆ సినిమా పేరు మార్చినప్పుడు తెరమీది కాపీరైట్ ప్రకటన తప్పిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం హక్కులు పోయాయి. అందుచేత ఎవరైనా దాన్ని అచ్చువేసి అమ్ముకోవచ్చు. ‘ద డెడ్ నెక్స్ట్ డోర్’ అలా కాదు. కొద్ది ప్రతులే తయారవుతాయి, తపాలా ఖర్చూ సుంకమూ కలుస్తాయి, మాకు మిగిలేది స్వల్పం. ఇంతకన్నా తగ్గించలేను. కాపీ డిస్కులు రాసి ఇమ్మని అడిగినవారికి ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

ఇకపై డిస్కు ఆడకపోయినా, గీతలు పడి వచ్చినా తప్పకుండా మార్చి ఇస్తాం. బొమ్మ నాణ్యత నచ్చలేదని ఇప్పటికే తిరిగి పంపినవారికి పూర్తి సొమ్ము చెల్లిస్తున్నాం. ఈ వివరణ తరువాత కొనేవారికి మాత్రం ఆ కారణంతో సొమ్ము వాపసు ఉండదు. అమెరికా డిస్కులు తెప్పించుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఒక ప్రాంతానికి (రీజియన్) కట్టుబడి తయారైన డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకపోవచ్చు: డీవీడీలకు ఆ దేశం రీజియన్ 1, మనది 5, బ్లూరేలకు వారిది ఎ, మనది సి. ఏ డిస్కు కావాలన్నా ఆర్డరుతోపాటు మీ ప్లేయర్ మోడల్ పేరు రాయండి. అది ఆ ప్లేయర్‌లో ఆడదని తేలితే డబ్బు తీసుకోకముందే మీకు చెబుతాం.