ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి 60 రోజులు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఉద్యోగం చేసే నిపుణులకు ఇచ్చే హెచ్-1బీ వీసా గురించి పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా లాటరీ చుట్టూ, ఫీజుల చుట్టూ తిరుగుతుంటాయి. ఏడాదికి 85 వేల వీసాలు, 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము గురించి అందరికీ తెలియవలసిందే. కానీ వీసా దొరికి, ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తున్న మనిషికి ఉన్నట్టుండి ఉద్యోగం పోతే ఏమవుతుందో వివరంగా రాసేవారు అరుదు. అది నేను పడిన బాధ కాబట్టి ఈ ఉత్తరం.

ఒక ఉదయం పావుగంట సమావేశంలో మా విభాగం మొత్తాన్నీ తొలగించారు. నాతోపాటే ఉద్యోగం పోయిన అమెరికన్ సహోద్యోగి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటానన్నాడు. నేను ఇంటికి వెళ్లి క్యాలెండర్‌లో రోజులు లెక్కపెట్టుకున్నాను. గరిష్ఠంగా 60. ఆ లెక్క చివరి జీతం అందిన రోజు నుంచి కాదు, ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. ఆలోపు కొత్త సంస్థ నా పేరిట వీసా పిటిషన్ వేయాలి, లేదా నేను మరో హోదాకు మారాలి, లేదా దేశం వదలాలి. 2017 జనవరికి ముందు ఈ వెసులుబాటు కూడా లేదట. వీసా గడువుకు ముందే తొలగించిన యజమాని స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు ఇవ్వాలని నియమం ఉంది. అది ఉద్యోగికే వర్తిస్తుంది, భార్యాభర్తలకూ పిల్లలకూ కాదు.

ఇంటర్వ్యూలకే ఐదారు వారాలు గడిచాయి. వీసా మాట వినగానే రెండు సంస్థలు వెనక్కి తగ్గాయి. బడిలో సైన్స్ ప్రదర్శన కోసం నమూనా సగం తయారుచేసిన మా అమ్మాయి "ప్రదర్శన నాటికి మనం ఇక్కడే ఉంటామా, అమ్మా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. 52వ రోజున ఒక సంస్థ పిటిషన్ వేసింది. బేరమాడే స్థితిలో లేను కనుక పాత జీతం కన్నా చాలా తక్కువకే ఒప్పుకున్నాను. విదేశీయుల వల్ల తమ జీతాలు పడిపోతున్నాయని అక్కడివారు కోప్పడతారు. నా జీతం పడిపోవడానికి కారణం ఈ గడువే. దీనివల్ల నష్టపోయేది మేమే కాదు, వారు కూడా.

పోనీ, కొన్నాళ్లు ఓర్చుకుంటే గండం గడుస్తుందా అంటే అదీ లేదు. శాశ్వత నివాసం కోసం ఉద్యోగాల ప్రాతిపదికన ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. కుటుంబ సభ్యులవీ అందులోనే లెక్క. ఒక్కో దేశంలో పుట్టినవారికి 7 శాతం పరిమితి. అందుకే భారత్‌లో పుట్టినవారు తాత్కాలిక హోదాతోనే దశాబ్దాలు గడుపుతున్నారు.

విదేశీ నిపుణులు ఉండి పనిచేసుకునేందుకు యూరోపియన్ యూనియన్ ఇచ్చే బ్లూ కార్డు ఇంత కఠినంగా లేదు. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, కార్డు పొంది రెండేళ్లు దాటనివారు ఉద్యోగం పోయినా మూడు నెలల వరకు, దాటినవారు ఆరు నెలల వరకు ఉండవచ్చు. మొదటి 12 నెలలు గడిచాక ఉద్యోగం మారితే అధికారులకు తెలియజేస్తే సరిపోతుంది. జర్మనీలో 27 నెలలకు, జర్మన్ భాషలో బి1 అనే మధ్యస్థ స్థాయి సాధిస్తే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. జీతం ఒక స్థాయికి తగ్గకూడదన్న షరతు వల్ల చాలామందికి ఆ కార్డు అందదు, నిజమే. అయినా కార్డు పొందిన మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంది.

మన ప్రభుత్వం 2022 డిసెంబరులో జర్మనీతో వలసలపై ఒప్పందం చేసుకుంది. 2024లో ఆ దేశం నిపుణులైన భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామన్నప్పుడు అందరం సంతోషించాం. ఇకపై ఏ దేశంతో చర్చలు జరిగినా సంఖ్యతో ఆగవద్దని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఉద్యోగం పోతే మనవారు ఎన్నాళ్లు ఉండవచ్చు? యజమానిని మార్చుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి? ఈ రెండూ అడగాలి, జవాబులు ఒప్పందంలో రాయించాలి.

మీకూ ఒక విన్నపం. వచ్చే ఏడాది లాటరీ వార్త వేసే రోజున అదే పేజీలో ఈ 60 రోజుల నియమాన్నీ వివరించండి. నియామక పత్రం మీద సంతకం చేసేనాటికి నాకు ఆ సంగతి తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు