లక్నవరం అనుభవం రాళ్ల తీరానికి చాలదు

సంపాదకులకు,

అయ్యా,

వానలు తగ్గి చలి మొదలైతే చాలు, మన వరంగల్, హనుమకొండ, కరీంనగర్ నుంచి జట్లు కట్టుకొని విశాఖ తీరానికి కయాకింగ్‌కు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవల్లో తిరగడానికి, పోతున్నారు. లక్నవరంలోనో దిగువ మానేరులోనో తెడ్డు పట్టడం వచ్చినవాళ్లు రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి విశాఖలో దిగి, అదే పొద్దున రుషికొండ నుంచి భీమిలి వైపు రాళ్ల వెంట పోదామంటున్నారు. పోవద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి ఆగే ఆ తీరాన్ని నీటి మీద నుంచి చూడటం గొప్ప సంగతే. కానీ బోల్తా పడ్డ మనిషిని మూడు నిమిషాల్లో తిరిగి కయాక్‌లో కూర్చోబెట్టడం జట్టులో ప్రతి ఒక్కరికీ వచ్చి ఉండాలి. అది అక్కడికి వెళ్లాక నేర్చుకునే విద్య కాదు. ఇక్కడ, మన చెరువుల్లోనే చేతికి అలవాటు కావాలి.

ముందుగా పడవ సంగతి. చెరువుల్లో మనకిచ్చేవి పైన కూర్చునే వెడల్పాటి ప్లాస్టిక్ కయాక్‌లు. ఒడ్డు పక్కన ఇసుక తీరంలో అవి సరిపోతాయి. రాళ్ల వెంట నాలుగైదు కిలోమీటర్లు పోవాలంటే పద్నాలుగు నుంచి పదిహేడు అడుగుల పొడవు, యాభై ఐదు అరవై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సముద్రపు కయాక్ కావాలి. కూర్చునే చోటికి ముందూ వెనకా అడ్డుగోడలు, వాటి మీద మూతలున్న గదులు తప్పనిసరి. అడ్డుగోడ లేని లోపల కూర్చునే కయాక్ బోల్తా పడితే వంద లీటర్లకు పైనే నీళ్లు పట్టి ముక్కు కిందికి దిగిపోతుంది. దాన్ని సముద్రం మధ్యలో ఖాళీ చేయడం నలుగురి వల్ల కూడా కాదు. అద్దెకు తీసుకునే ముందు కూర్చునే చోట రెండు బకెట్ల నీళ్లు పోసి, పడవను ముందుకొకసారి వెనక్కొకసారి వంచి పట్టుకోండి. తర్వాత మూతలు తీసి లోపల చెయ్యి పెట్టి తడిమితే అడ్డుగోడ అంచుల్లో కారుతోందో లేదో తెలిసిపోతుంది. మూత రబ్బరును బొటనవేలితో చుట్టూ నొక్కుతూ పోండి. ఎండకు పగుళ్లిచ్చిన రబ్బరైతే ఆ పడవ వద్దనండి. పడవ చుట్టూ పట్టుకోవడానికి కట్టిన తాడు బిగుతుగా ఉండాలి. నీళ్లలో పడ్డవాడికి అదే ఆధారం.

ఇక సముద్రం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు, వ్యవధి (ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య పట్టే సమయం), గాలి, ప్రవాహాల అంచనాలను రోజూ ఇస్తుంది. మనవాళ్లు ఎత్తు ఒక్కటే చూసి 'మీటరేగా' అనుకుంటారు. అంచనాలో ఇచ్చే ఎత్తు అన్నిటికన్నా పెద్ద కెరటానిది కాదు, పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు. పది సెకన్లకొకటి చొప్పున మూడు గంటల్లో వెయ్యికి పైగా కెరటాలు మీ కింద నుంచి పోతాయి. వాటిలో ఒకటి అంచనాకు దాదాపు రెట్టింపు ఎత్తు ఉంటుందని లెక్కవేసుకోవాలి. ఇక ఒకే ఎత్తున్నా ఏడు సెకన్ల కెరటం కంటే పద్నాలుగు సెకన్ల కెరటం రెట్టింపు శక్తి మోసుకొస్తుంది. గాలి లేని తెల్లటి పొద్దున కూడా ఎక్కడో దక్షిణాన పుట్టిన ఇలాంటి పొడవాటి కెరటాలు మన తూర్పు తీరానికి వస్తాయి. ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం నిద్రపోతున్నట్టే ఉంటుంది, రాళ్ల దగ్గర మాత్రం నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి తెల్లగా లేస్తుంది. కొత్త జట్టుకు మేం చెప్పే హద్దు ఇది: కెరటం ముప్పావు మీటరు లోపు, వ్యవధి పది సెకన్ల లోపు, గాలి గంటకు ఇరవై కిలోమీటర్ల లోపు. మూడిట్లో ఏది దాటినా ఆరోజు ఇసుక తీరంలోనే ఉండండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ తీరం ఊసే ఎత్తొద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాను హెచ్చరికలు చూడకుండా టికెట్లు కొనొద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకింది ఈ తీరాన్నే.

గాలి విషయంలో కొండలు మోసం చేస్తాయి. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రంలోకి వీచే గాలి కొండ చాటున ఉన్నంతసేపు తెలియదు. కొండ దాటి కాస్త బయటికి వెళ్లగానే వీపు మీద పడుతుంది. పోయేటప్పుడు హాయిగా అనిపిస్తుంది కానీ, తిరిగి రావడానికి రెట్టింపు బలం కావాలి. అందుకే తీరానికి రెండు వందల మీటర్లు మించి బయటికి పోవద్దు. పొద్దెక్కాక సముద్రపు గాలి పెరుగుతుంది కనుక పదిన్నరకల్లా ఒడ్డు చేరేలా లెక్క వేసుకోండి.

రాళ్ల పక్కన కెరటం ప్రవర్తించే తీరు చెరువులో ఎన్నేళ్లు తిరిగినా తెలియదు. నిటారు రాతికి తగిలిన కెరటం అంతే బలంతో వెనక్కి వస్తుంది. వచ్చేదీ పోయేదీ కలిసిన చోట నీళ్లు రెట్టింపు ఎత్తుకు నిలువునా లేస్తాయి. ఏ వైపు నుంచి లేస్తాయో ముందు తెలియదు. అక్కడ తెడ్డు ఆపితే పడిపోతారు. మెల్లగానైనా వేస్తూనే ఉండాలి, నడుము వదులుగా ఉంచాలి. ఆ గందరగోళం చల్లారేది రాతి నుంచి యాభై, అరవై మీటర్లు దూరం జరిగితేనే.

ఇంతకన్నా ప్రమాదం మునిగి ఉన్న రాళ్లది. నీటి లోతు కెరటం ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్లకు తగ్గిన చోట కెరటం విరుగుతుంది. అంటే ఒకటిన్నర మీటరు లోతున ఉన్న రాయి మీద మీటరు కెరటాలు చప్పుడు లేకుండా పోతూనే ఉంటాయి. పైన చెప్పినట్టు దాదాపు రెట్టింపుగా, అంటే రెండు మీటర్ల కెరటం వచ్చినప్పుడు మాత్రం సరిగ్గా అక్కడే గోడలా లేచి విరుగుతుంది. ఆ క్షణంలో దాని మీద మీరుంటే ఎంత నేర్పరులైనా ఒకటే. అమావాస్య, పున్నాల దగ్గర ఆ తీరంలో ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. పోటులో క్షేమంగా దాటిన రాయి ఆటులో పడవ అడుగుకు తగలొచ్చు. అందుకే రైలు దిగిన రోజు నీళ్లలోకి దిగకండి. నిద్ర చాలని ఒళ్లు ఒక కారణం. పోవాల్సిన దారిని ఎత్తైన చోట నుంచి కనీసం పావుగంట కదలకుండా చూడాలన్నది అసలు కారణం. తెల్ల నురగ లేచిన ప్రతి చోటునూ కాగితం మీద గుర్తు పెట్టుకోండి. జాలరిపేటల్లో పెద్దవాళ్లను అడగండి. ఏ రాయి ఏ పోటుకు మునుగుతుందో వాళ్లకు తెలిసినట్టు ఏ యాప్‌కూ తెలియదు. వలలు ఎక్కడ వేసి ఉన్నాయో, ఒడ్డు నుంచి లాగే పెద్దవల ఆ పొద్దున ఎక్కడ పడుతుందో కూడా వాళ్లే చెబుతారు. వలల తాడు మీదుగా పోవడం వాళ్ల పొట్ట కొట్టడమే. మంగమారిపేట దగ్గరి రాతి తోరణం కింద ఫొటో దిగాలనే కోరిక చాలామందికి ఉంటుంది. దాని దగ్గరికి ఆటు సమయంలో నడిచి వెళ్లండి, కయాక్‌లో వద్దు. నౌకాదళానికి చెందిన ప్రాంతాలు, ఓడరేవు దారి ఉన్న డాల్ఫిన్స్ నోస్ వైపు అసలే పోవద్దు.

జట్టు ఐదుగురికి మించకూడదు, వారిలో ఇద్దరు ఆరితేరినవాళ్లు కావాలి. పదిహేనుమంది వెళ్తే మూడు జట్లు, మూడు వేళలు. ముందు ఒకరు, వెనక ఒకరు స్థిరంగా ఉంటారు. ముందున్నవాణ్ని ఎవరూ దాటొద్దు, వెనకున్నవాడి వెనక ఎవరూ మిగలొద్దు. వేగం అందరికంటే నెమ్మదిగా పోయేవాడిదే. మనిషికీ మనిషికీ మధ్య మూడు పడవల ఎడం ఉంటే పిలుపు వినిపిస్తుంది, కెరటం ఒకరిని ఇంకొకరి మీదికి తోయదు. రెండు రాళ్ల మధ్య ఇరుకు దాటాలంటే ఒక్కొక్కరే, అదీ బయట ఒకరు సముద్రం వైపు చూస్తూ పెద్ద కెరటాల వరుస పోయిందని తెడ్డు నిలువుగా ఎత్తాకే. తెడ్డు నిలువుగా ఎత్తితే రండి, అడ్డంగా ఎత్తితే ఆగండి. తెడ్డుతో చూపేది ఎప్పుడూ పోవాల్సిన వైపే, ప్రమాదం ఉన్న వైపు కాదు. ఈ ఒక్క సైగలో జట్టుకు రెండు అర్థాలుంటే ఎవరో ఒకరు నేరుగా రాతి మీదికి పోతారు.

పడితే ఏం చేయాలో వివరంగా రాస్తున్నాం, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తలకిందులైనవాడు ముందుకు వంగాలి, పడవలోకి నీళ్లు రాకుండా కూర్చునే చోటిని కప్పుతూ నడుముకు చుట్టిన స్ప్రే స్కర్ట్ ముందరి పట్టీని ముందుకు లాగి పైకి తీయాలి, తుంటిని తోసి బయటపడాలి. ఆ పట్టీ లోపలికి మడతపడి ఉంటే చేతికి దొరకదు. బయల్దేరే ముందు పక్కవాడు చూసి చెప్పాలి. బయటికి రాగానే తన పడవనూ తెడ్డునూ వదలొద్దు. రాళ్ల దగ్గరైతే పడవకు సముద్రం వైపు ఉండాలి తప్ప పడవకూ రాతికీ నడుమ ఉండొద్దు. నీళ్లు నిండిన పడవ కెరటంతో వచ్చి గుద్దితే పక్కటెముకలు విరుగుతాయి. సాయానికి వచ్చినవాడు బోల్తా పడ్డ పడవ ముక్కును తన పడవ మీదికి అడ్డంగా లాగి, నీళ్లు కారిపోయాక తిప్పి, రెండు పడవల్నీ పక్కపక్కన చేర్చి, తన బరువంతా ఖాళీ పడవ మీద వేసి గట్టిగా పట్టుకుంటాడు. పడ్డవాడు వెనక భాగం మీదికి పొట్టతో పాకి, కాళ్లు లోపల పెట్టి, ఆ తర్వాతే ముందుకు తిరిగి కూర్చుంటాడు. మిగిలిన నీళ్లు చేతి పంపుతో తోడాలి. ఇదంతా జరుగుతున్నంతసేపు కెరటం ఇద్దరినీ రాళ్ల వైపు నెడుతూనే ఉంటుంది. కనుక మూడోమనిషి వెంటనే పది పదిహేను మీటర్ల టో తాడు తగిలించి బయటికి లాగాలి. మరిచిపోయేది ఈ మూడోమనిషినే. మిగిలినవాళ్లంతా సాయమని దగ్గరికి గుమిగూడితే తాడు పడటానికి చోటుండదు. వాళ్లు బయట గుంపుగా ఆగాలి. టో తాడు నడుము బెల్టుకు ఒక్క లాగుతో ఊడే బకిల్ లేకపోతే ఆ తాడు వాడొద్దు. లాగబోయినవాణ్నే అది రాళ్లలోకి ఈడుస్తుంది.

చిన్నవిగా కనిపించే సంగతులూ ఉన్నాయి. పడబోతూ తెడ్డును తలపైకి ఎత్తితే భుజం కీలు తప్పుతుంది, మోచేతులు ఎప్పుడూ భుజం కిందే ఉండాలి. కుదిపే నీళ్లలో కళ్లు పడవ మీదే పెట్టుకుంటే వాంతులవుతాయి. దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూడాలి. వాంతయినవాణ్ని ఒంటరిగా లాగొద్దు, పక్కన ఇంకొకరు పడవ పట్టుకొని ఉండాలి. రాళ్లకు అంటిన గుల్లలు చర్మాన్ని కోస్తాయి కనుక హెల్మెట్, నిండు చేతుల చొక్కా, అడుగు గట్టిగా ఉన్న బూట్లు ఉండాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, నీళ్లు చొరని సంచిలో ఫోన్, జట్టుకొక అదనపు తెడ్డు, లైఫ్ జాకెట్‌కే కట్టిన ఈల తప్పవు. ఒడ్డున ఒకరి దగ్గర పేర్లు, దారి, తిరిగొచ్చే వేళ రాసిన కాగితం ఉండాలి. వేళ దాటి అరగంటైతే ఆ మనిషి తీర రక్షక దళం నంబరు 1554కో, 112కో ఫోన్ చేయాలి.

ఇక మన చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరంలో నీళ్లు నిండుగా ఉండే అక్టోబర్ నుంచి జనవరి దాకా ఈ అభ్యాసానికి మంచి కాలం. మత్తడి దుంకుతున్నప్పుడు దాని దరిదాపులకు, తూముల దగ్గరికి పోవద్దు. బయటపడటం, పక్కవాణ్ని ఎక్కించడం, తాడుతో లాగడం గాలి లేని పొద్దున మొదలుపెట్టి, గాలి లేచిన సాయంత్రం చేయగలిగే దాకా చేయండి. గాలి సాయంత్రాల్లో కట్ట రాళ్లకు తగిలి వెనక్కి వచ్చే చిన్న అలల మీద కూర్చుంటే రాతి తీరం రుచి కొంతైనా తెలుస్తుంది. మూడు నిమిషాలు దాటేవాళ్లు ఆ యాత్రకు ఇంకా సిద్ధం కానట్టే. డబ్బు కట్టారని తీసుకుపోవద్దు.

చెరువుల్లో బోటింగ్ నిర్వహించేవారికి మా విన్నపం ఒక్కటే. చాలాచోట్ల కావాలని బోల్తా పడటానికి ఒప్పుకోరు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. పర్యాటకుల బోట్లు మొదలయ్యే ముందు ఉదయం రెండు గంటలు, ఒడ్డు దగ్గర ఛాతీ దాటే లోతు చాలు, తేలే బుడగలతో ఒక మూల హద్దు గీసి ఈ అభ్యాసానికి ఇవ్వండి. ఒక మోటారు బోటు, అందులో ఈత వచ్చిన మనిషి సిద్ధంగా ఉంటే సరిపోతుంది. దానికయ్యే ఖర్చు జట్లే భరిస్తాయి.

— కయాకింగ్ చేసే మిత్రులు, హనుమకొండ